ఆగస్ట్ విల్సన్ నాటకం మన తెలుగువాళ్లు వేయొచ్చా?

మూడోబెల్
అమెరికాలో మేముండే ఊళ్లో చిన్న తెలుగు నాటక బృందం ఉంది. ఏటా ఉగాదికి ఒక హాస్య నాటిక వేస్తాం, జనం నవ్వుకుని భోజనాలకి వెళ్లిపోతారు. ఈసారి కాస్త బరువైనది వేద్దామని అమెరికా నల్లజాతి నాటకకర్త ఆగస్ట్ విల్సన్ రాసిన 'ఫెన్సెస్' ఎంచుకున్నాం. మొదటి అంకం సగం దాకా తెలుగు చేశాను. రిహార్సల్ మొదలవకముందే గొడవ. కథానాయకుడు ట్రాయ్ వేషం వేయాల్సినాయన "ఇది నల్లజాతి వాళ్ల కథ, మనం వేస్తే బాగోదు" అని తప్పుకున్నాడు. ట్రాయ్ భార్య రోజ్ వేషానికి అనుకున్నావిడ "షేక్‌స్పియర్ వేసినప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకు" అంటోంది. విల్సన్ తన నాటకాల విషయంలో చాలా పట్టుదల మనిషని కూడా విన్నాను. చదివినవాళ్లు, చూసినవాళ్లు ఒక మాట చెప్పండి.

కాఫీకప్పు
డెంజెల్ వాషింగ్టన్ సినిమా తీశాడు, 2016లో, అదేనా? వయొలా డేవిస్ ఏడ్చే సీనులో ముక్కు కారుతున్నా తుడుచుకోదు. ఆస్కార్ ఆ ముక్కుకే వచ్చిందని మా ఇంట్లో అంటుంటాం.

మూడోబెల్
అదే. కానీ మాది నాటకం. మా రోజ్‌కి ముక్కు కారినా వెనక వరుసకి కనబడదు.

లాజిక్ లింగం
నాకు ముందునుంచీ ఒక డౌటు. విల్సన్ తండ్రి తెల్లవాడు, జర్మన్. ఆయన అసలు పేరు కూడా ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్. అలాంటి మనిషి 'ఫెన్సెస్' సినిమా తీస్తే నల్లజాతి దర్శకుడే తీయాలని పట్టుబట్టాడు. సగం తెల్లవాడు రాయొచ్చు గానీ పూర్తి తెల్లవాడు తీయకూడదా? ఇదెక్కడి లెక్క?

స్టీల్‌సిటీ కోడలు
లింగం గారూ, ఈ దేశంలో ఆ లెక్క ఎవరూ అలా వేయలేదు. నేనుండేది పిట్స్‌బర్గ్‌లోనే కాబట్టి ఇక్కడ అందరికీ తెలిసిన సంగతులే చెప్తాను. ఆయన 1945లో ఇక్కడి నల్లజాతి వాళ్ల పేట హిల్ డిస్ట్రిక్ట్‌లో పుట్టాడు, బెడ్‌ఫర్డ్ అవెన్యూలో ఒక కిరాణా కొట్టు వెనక వాటాలో. తండ్రి బేకరీ పనివాడు, ఇంటి పట్టున ఉన్నది తక్కువ. ఇళ్లల్లో పనిచేసి పిల్లల్ని పెంచింది తల్లి డైసీ విల్సన్. ఆ తర్వాత తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే హేజల్‌వుడ్‌కి మారితే కిటికీలోంచి ఇటుకలు పడ్డాయి. హైస్కూల్లో డెస్కు మీద 'ఇంటికి పో' అని తిట్టు కలిపి చీటీలు పెట్టేవాళ్లు. ఇటుక విసిరినవాడు 'వీడు సగం జర్మన్ కదా, సగం ఇటుకే వేద్దాం' అనుకోలేదండీ.

1965లో తండ్రి పోయాక తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడు. తనని పెంచినవాళ్ల పేరు పెట్టుకోవడంలో వింతేముంది?

అట్లాంటా అబ్బాయి
సగం ఇటుక 😂😂

పుస్తకాలపురుగు
నెపోలియన్ సంగతి మర్చిపోయారు. పదిహేనేళ్లప్పుడు నెపోలియన్ మీద పెద్ద వ్యాసం రాసుకెళ్తే టీచరు 'ఇది నువ్వు రాసింది కాదు' అన్నాడు. అంతే, కుర్రాడు స్కూలు మానేసి, ఇంట్లో చెప్పకుండా రోజూ కార్నెగీ లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ లైబ్రరీయే పిలిచి డిప్లొమా ఇచ్చింది. తర్వాతి కాలంలో రెండు పులిట్జర్ బహుమతులు, 1987లో 'ఫెన్సెస్'కి, 1990లో 'ద పియానో లెసన్'కి.

లాజిక్ లింగం
అవన్నీ గొప్ప విషయాలే, కాదనను. నేనడిగింది దర్శకుడి గురించి. దానికి జవాబు రాలేదు.

పుస్తకాలపురుగు
వస్తోంది, ఓపిక పట్టండి. కాస్త పొడుగు.

'ఫెన్సెస్' బ్రాడ్‌వేలో హిట్టయ్యాక నటుడు ఎడ్డీ మర్ఫీ కోసం పారమౌంట్ వాళ్లు సినిమా హక్కులు కొన్నారు. విల్సన్ ఒకటే షరతు పెట్టాడు, దర్శకుడు నల్లజాతి వాడై ఉండాలని. 1990లో దాని మీద వ్యాసమే రాశాడు. రంగు చూసి ఎవరో ఒకరిని పెట్టండి అని కాదు ఆయన గోల. ఆ కథ ఏ జీవితంలోంచి వచ్చిందో అది లోపలినుంచి తెలిసినవాడు కావాలి, పైనుంచి గౌరవంగా చూసేవాడు సరిపోడు, అదీ వాదన. స్టూడియో ఒప్పుకోలేదు, సినిమా ఆగింది. 2005లో ఆయన పోయాడు. పదకొండేళ్ల తర్వాత డెంజెల్ తీశాడు. ఆయన రాసిపెట్టి వెళ్లిన స్క్రీన్‌ప్లేకే ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

ఇక అసలు గొడవ 1996లో. ప్రిన్స్‌టన్‌లో రంగస్థలం వాళ్ల సభలో ప్రసంగిస్తూ, దేశంలో పెద్ద ప్రాంతీయ థియేటర్లు 66 ఉంటే అందులో నల్లజాతి వాళ్లది ఒక్కటే అన్నాడు. అక్కడితో ఆగలేదు. రంగుతో పనిలేకుండా ఎవరికైనా ఏ వేషమైనా ఇవ్వడం అనే పద్ధతి ఉంది చూశారూ, దాన్ని కూడా ఏకిపారేశాడు. ఆర్థర్ మిల్లర్ రాసిన తెల్లవాళ్ల కథ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'ని అందరూ నల్లజాతి నటులతో వేస్తే అది మాకు చేసే మేలు కాదు, మా బతుకు మీద మాకు నాటకాలు లేవా అని. నిర్మొహమాటంగా చెప్పాలంటే ఆయన పక్షం వాళ్లు కూడా చాలామంది ఇబ్బంది పడ్డారు. నల్లజాతి నటులకి ఆ పద్ధతి వల్లే కొన్ని వేషాలు వస్తున్నాయి మరి. విమర్శకుడు రాబర్ట్ బ్రూస్టీన్ అయితే ఇది వేర్పాటువాదం అన్నాడు. 1997 జనవరిలో ఇద్దరూ న్యూయార్క్ టౌన్‌హాల్‌లో ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. మధ్యవర్తిగా నటి, నాటకకర్త అనా డీవర్ స్మిత్ కూర్చుంది. ఎవరూ తగ్గలేదు.

లాజిక్ లింగం
అంటే ఆయన రూలు ప్రకారం మూడోబెల్ గారి నాటకం క్యాన్సిల్. అయిపోయింది, తాళం వేసేయండి.

వింగ్ పక్కన
ఆగండాగండి. ఆయన అన్నది డబ్బూ థియేటర్లూ ఎవరి చేతుల్లో ఉన్నాయి అనే లెక్కలో. ఉగాది ఫంక్షన్లో ఓ తెలుగు బృందం వేసుకునే నాటకం దాని కిందికి వస్తుందా? నేనైతే వేయమంటాను. కాస్త డార్క్ మేకప్ వేసుకుంటే పాత్రలూ తెలిసిపోతాయి.

అట్లాంటా అబ్బాయి
మేకప్పా?! వద్దు బాబోయ్ వద్దు.

కాఫీకప్పు
వింగ్ పక్కన గారూ, ఆ చివరి వాక్యం తీసేయండి ప్లీజ్.

అట్లాంటా అబ్బాయి
సీరియస్‌గా చెప్తున్నా. పందొమ్మిదో శతాబ్దంలో ఈ దేశంలో మిన్‌స్ట్రెల్ షోలని ఉండేవి. తెల్లవాళ్లు కాల్చిన బెండుతో మొహానికి నలుపు పూసుకుని నల్లవాళ్లని వెకిలి చేస్తూ ఆడేవాళ్లు, హాళ్లు నిండేవి. ఆ తర్వాత మొహానికి రంగు పూయడమంటే అర్థం అదే అయిపోయింది. కృష్ణుడికి నీలం పూసినట్టు కాదు. మీ బృందంలో ఎవరి ఉద్దేశం ఎంత మంచిదైనా, ఒక్క ఫోటో బయటికెళ్తే ఆ సంగతి చెప్పుకోడానికి టైము కూడా ఉండదు.

వింగ్ పక్కన
సరే, మేకప్ వద్దు. మొహం కడుక్కునే వేయండి. వేయడం మాత్రం వేయండి.

హార్మోనియం తాత
నేను ఆయన నాటకం ఒక్కటీ చదవలేదు. మనవరాలు సినిమా పెడితే చూశాను. ట్రాయ్ పెరట్లో నిలబడి మృత్యువుతో కుస్తీ పట్టానని ఊగిపోతూ చెప్తాడే, అక్కడ నా నోట్లోంచి అసంకల్పితంగా 'వన్స్ మోర్' వచ్చింది. అంత పొడుగు మాటలు ఊపిరి తెగకుండా చెప్పాలంటే పద్యం పాడినవాడి గొంతే కావాలి. మూడోబెల్ బాబూ, మీలో అలాంటి గొంతు ఉన్నవాడు ఎవరైనా ఉన్నాడా? ముందది చూసుకో, జాతి సంగతి తర్వాత.

మూడోబెల్
ఉన్నాయన తప్పుకున్నాడని చెప్పాను కదా తాతగారూ, అదే నా బాధ.

స్టీల్‌సిటీ కోడలు
ఇంకో విషయం అనాలా వద్దా అని చూస్తున్నాను. అనేస్తాను. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో తెలుగువాళ్లే నాకు వరసగా చెప్పిన మొదటి జాగ్రత్త 'హిల్ వైపు వెళ్లకు'. ఎందుకు అంటే 'అక్కడ వాళ్లుంటారు' అనేవాళ్లు. చెప్పినవాళ్లలో ఆ వీధుల్లో కాలు పెట్టినవాళ్లు ఎవరూ లేరు. నేనూ చాలాకాలం వెళ్లలేదు. తర్వాత విల్సన్ పుట్టిన ఇంటిని బాగుచేసి 2022లో తెరిచినప్పుడు వెళ్లాను. ఆ వెనక పెరట్లో నాటకాలు కూడా వేస్తారు. ఒకావిడ మడత కుర్చీ నాకు తెచ్చి ఇచ్చి, ఆవిడ నిలబడింది.

ట్రాయ్ వేషం వద్దన్నాయన కారణం ఏంటో నాకు తెలియదు. నిజంగా మొహమాటమే అయితే మంచిదే. 'మనకెందుకు వాళ్ల గోల' అనేదానికి మర్యాద తొడుగు వేసి చెప్తున్నాడా అన్నది మీరే కనుక్కోండి. రెండూ బయటికి ఒకేలా వినిపిస్తాయి.

రెండో వరుస
+1. మా అసోసియేషన్‌లో వాట్సాప్ ఫార్వర్డులు చూస్తే ఆ రెండోదే ఎక్కువ.

లాజిక్ లింగం
ప్రతిదానికీ మనవాళ్లని బోనెక్కించడం ఒక ఫ్యాషనైపోయింది. కొత్త ఊళ్లో ఆడపిల్లకి జాగ్రత్త చెప్పడం కూడా తప్పేనా?

స్టీల్‌సిటీ కోడలు
జాగ్రత్త చెప్పినందుకు కాదు లింగం గారూ. ఊరిలో మరే పేటకీ ఆ జాగ్రత్త చెప్పలేదు.

రెండో వరుస
ఆ హిల్‌కి ఏం జరిగిందో కూడా చెప్పండి. జాజ్ క్లబ్బులూ కొట్లతో కళకళలాడే పేట. 1950ల్లో 'పునర్నిర్మాణం' పేరు చెప్పి నగరంవాళ్లు లోయర్ హిల్‌ని నేలమట్టం చేశారు. ఎనిమిది వేలమంది దాకా ఇళ్లు పోయాయి. ఆ చోట సివిక్ అరీనా కట్టి 1961లో తెరిచారు. ఆ అరీనా కూడా ఇప్పుడు లేదు, అదీ కూల్చేశారు. విల్సన్ రాసిన పది నాటకాల్లో తొమ్మిది ఈ పేటలోనే జరుగుతాయి, ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దానికొకటి చొప్పున. 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' ఒక్కటే షికాగో.

'టూ ట్రైన్స్ రన్నింగ్'లో హోటలు నడిపే మెంఫిస్‌ది ఇదే కథ. 1969. బిల్డింగు నగరంవాళ్లు తీసుకుంటారు, ఎంతిస్తారన్నదే బేరం.

పుస్తకాలపురుగు
ఆ నాటకంలో నాకు మెంఫిస్ కంటే హ్యాంబోన్ ముఖ్యం. మూడోబెల్ గారూ, మీరు ఇది చదవాలి.

హ్యాంబోన్ బుర్ర సరిగ్గా పనిచేయని మనిషి. లుట్జ్ అనే తెల్ల మాంసం కొట్టువాడి కంచెకి రంగు వేశాడు. ఒప్పందం ఏమంటే, పని బాగా చేస్తే ఒక హామ్ (పంది తొడ మాంసం), లేకపోతే ఒక కోడి. పనయ్యాక లుట్జ్ కోడి తీసుకోమన్నాడు. హ్యాంబోన్ తీసుకోలేదు. తొమ్మిదిన్నరేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ కొట్టు ముందు నిలబడి నా హామ్ నాకివ్వు అంటాడు. నాటకం మొత్తంలో అతనికి దాదాపు ఆ రెండు ముక్కలే మాటలు. హోటల్లో ఒకరు పిచ్చివాడంటారు. ఇంకొకరేమో, కోడితో సరిపెట్టుకున్న మనందరికంటే వీడికే తెలివి ఎక్కువేమో అంటారు. చివరికి హామ్ రాకుండానే చచ్చిపోతాడు. అప్పుడు స్టెర్లింగ్ అనే కుర్రాడు ఆ కొట్టు అద్దం పగలగొట్టి, చేతుల్లోంచి రక్తం కారుతుండగా హామ్ తీసుకొస్తాడు, శవపేటికలో పెట్టమని.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందో నా ఊహ ఒకటి. విల్సన్ వాళ్లమ్మ గురించి ఒక సంగతి చెప్పుకునేవాడు. రేడియో పోటీలో డైసీ సరైన జవాబు చెప్పి కొత్త వాషింగ్ మెషీన్ గెలిచింది. అప్పటిదాకా చేత్తో ఉతుక్కునే ఇల్లు. గెలిచినావిడ నల్లజాతి మనిషని తెలిశాక కొత్తది కాకుండా ఎవరో వాడిన మెషీన్ తెచ్చుకోమని చీటీ ఇవ్వబోయారు. ఏదో ఒకటి వచ్చింది కదా తీసుకో అని చుట్టుపక్కలవాళ్లు చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. చేత్తోనే ఉతికింది.

కాఫీకప్పు
ఇది చదివాక కాసేపు ఏమీ టైపు చేయలేకపోయాను.

లాజిక్ లింగం
ఈ కథ బాగుంది. నిజంగా బాగుంది. అయినా దర్శకుడి విషయంలో నా అభిప్రాయం నాదే.

అట్లాంటా అబ్బాయి
ఆ అభిప్రాయం మీకొక్కరికే కాదులెండి. 2009లో 'జో టర్నర్స్ కమ్ అండ్ గాన్' బ్రాడ్‌వేలో మళ్లీ వేసినప్పుడు దర్శకుడు బార్ట్‌లెట్ షేర్, తెల్లాయన. విల్సన్ భార్య ఒప్పుకున్నారు. ప్రొడక్షన్‌కి మంచి పేరొచ్చింది, ఒబామా దంపతులు కూడా వెళ్లి చూశారు. నల్లజాతి దర్శకులు మాత్రం మండిపడ్డారు. మేము ఆర్థర్ మిల్లర్ నాటకం అడిగితే ఇవ్వరు, మా విల్సన్‌ని కూడా మీరే తీసుకుంటారా అని. ఆ రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు.

నీలిమబ్బు
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. ఆయన ఆడపాత్రలు నాకు అసంతృప్తే. 'టూ ట్రైన్స్'లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి రీసా. మగాళ్లు వేరేలా చూడకుండా ఉండాలని తన కాళ్లు తనే బ్లేడుతో కోసుకుంది. అంత పెద్ద సంగతి ఉన్న మనిషి నాటకమంతా కాఫీలు పోస్తూ తిరుగుతుంది. మగాళ్లు మాత్రం పేజీలకి పేజీలు మాట్లాడతారు. జాతి గురించి ఇంత లోతుగా రాసిన మనిషి అక్కడ ఎందుకు ఆగిపోయాడు?

వింగ్ పక్కన
మరి రోజ్? భర్త వేరే ఆవిడతో కన్న బిడ్డని చేతుల్లో పెట్టుకుని నిలబడితే, బిడ్డకి తల్లి ఉంది, నీకు మాత్రం ఇక పెళ్లాం లేదు అని తేల్చి చెప్తుంది. ఆ ఒక్క చోట ట్రాయ్ గొంతు పడిపోతుంది.

నీలిమబ్బు
ఒప్పుకుంటా. 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్'లో ఆ పేరున్న బ్లూస్ గాయని కూడా. కోకాకోలా తెస్తేనే పాడతానని తెల్ల నిర్మాతల్ని కూర్చోబెట్టేస్తుంది. తన గొంతు తప్ప తనతో వాళ్లకి పనిలేదని ఆవిడకి తెలుసు, అందుకే ఆ గొంతు చేతికివ్వకముందే అన్నీ రాబట్టుకుంటుంది. పది నాటకాలకి ఇద్దరు ముగ్గురు. నా ఫిర్యాదు అలాగే ఉంది.

రెండో వరుస
బెర్నీస్‌ని కలపండి, 'పియానో లెసన్'. పూర్వీకుల్లో ఒకావిడనీ తొమ్మిదేళ్ల కొడుకునీ ఇచ్చి యజమాని కొన్న పియానో అది. ఆవిడ భర్త ఆ కర్ర మీదే కుటుంబం మొహాలన్నీ చెక్కాడు. బెర్నీస్ తమ్ముడేమో అది అమ్మి, తాతలు బానిసలుగా పనిచేసిన పొలమే కొంటానంటాడు. బెర్నీస్ అమ్మనివ్వదు, వాయించదు కూడా. ఇద్దరూ కరెక్టే అనిపించేలా రాశాడు. నేను మాత్రం తమ్ముడి పార్టీ.

స్టీల్‌సిటీ కోడలు
అన్యాయం! పియానో అమ్ముతారా?

రెండో వరుస
పొలం వస్తుంటే అమ్మరా మరి?

హార్మోనియం తాత
నా హార్మోనియం గురించి మావాళ్లింట్లో సరిగ్గా ఇదే వాదన నడుస్తోంది. పొలం మాత్రం ఎవరూ ఇస్తామనడం లేదు.

మూడోబెల్
పాత్రల గురించే మాట్లాడుకుంటే ఒక్కటి తేల్చండి. ట్రాయ్ బేస్‌బాల్ పెద్ద లీగుల్లోకి పోలేకపోయింది రంగు వల్లనా, వయసు వల్లనా? నటుడికి అది తేలకపోతే మొదటి సీనే నిలబడదు.

లాజిక్ లింగం
వయసు. ఇది లెక్కే. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆ అడ్డు దాటి 1947లో మేజర్ లీగుల్లోకి వచ్చాడు. 1957లో ట్రాయ్‌కి 53. అంటే తలుపు తెరుచుకునేసరికి 43. ఆ వయసులో ఎవడు తీసుకుంటాడు? రోజ్ కూడా మొహం మీదే చెప్తుంది.

పుస్తకాలపురుగు
లెక్క కరెక్టే, జవాబు సగమే. పాతికేళ్లప్పుడు తలుపు ఎందుకు మూసి ఉంది? రంగు వల్ల. నలభై మూడేళ్లప్పుడు ఎందుకు లాభం లేదు? వయసు వల్ల. ట్రాయ్ రెండోది ఎప్పటికీ ఒప్పుకోడు, అందుకే కొడుకు కోరీకి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ వస్తుంటే చెడగొడతాడు. తనకి జరిగింది వాడికి జరగకూడదనా, వాడు తనని దాటిపోకూడదనా, అది నాటకం చెప్పదు. మీ నటుడూ చెప్పకూడదు.

అదే మనిషి చెత్తబండి పనిలో, బరువులెత్తేది మేమూ బండి నడిపేది తెల్లవాళ్లూనా అని పోట్లాడి మొదటి నల్లజాతి డ్రైవరవుతాడు. లైసెన్సు మాత్రం లేదు. ఆ సీనుకి మీవాళ్లు కచ్చితంగా నవ్వుతారు.

రెండో వరుస
ఒక ప్రాక్టికల్ మాట. హక్కులు తీసుకున్నారా? ప్రదర్శనకి లైసెన్సు వేరు, అనువాదానికి అనుమతి వేరు. టికెట్ పెట్టకపోయినా, పండగ ఫంక్షన్ అయినా కావాలి. ఆయన 2005లో పోయాడు కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారం 2075 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది.

అట్లాంటా అబ్బాయి
2076 ఉగాదికి ఫ్రీగా వేసుకోవచ్చన్నమాట. ట్రాయ్ వేషానికి నా పేరు రాసుకోండి, అప్పటికి వయసు సరిపోతుంది.

మూడోబెల్
అనుమతి కోసం మెయిల్ పెట్టాను, అనువాదమని స్పష్టంగా రాశాను. వాళ్లు వద్దంటే వద్దే. ఈలోగా తప్పుకున్నాయనతో మాట్లాడాను, కోడలు గారు చెప్పినట్టే సూటిగా అడిగాను. ఆయనకి వాళ్లంటే చిన్నచూపు కాదు. ఆఫీసులో పక్క సీటు అతను నల్లజాతి వాడు, నాటకానికి వస్తానన్నాడట. అతని ముందు తెలుగులో ట్రాయ్‌ని ఆడాలంటే కాళ్లు వణుకుతున్నాయన్నాడు. మరి అతన్నే ఒక రిహార్సల్‌కి పిలిచి చూద్దామా అన్నాను. ఆలోచిస్తానన్నాడు.

నీలిమబ్బు
పిలవండి గానీ, నాటకం సరిగ్గా ఉందని సర్టిఫికెట్ ఇమ్మని అతని నెత్తిన పెట్టకండి. ఆఫీసులో నన్ను ఇండియా మొత్తానికి ప్రతినిధిని చేసి ప్రశ్నలడిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

లాజిక్ లింగం
మొదటిసారి నీలిమబ్బు గారితో ఏకీభవిస్తున్నాను. ఇంతకీ ఇవి ఏ వరసలో చదవాలి? కథ కాలం ప్రకారమా, రాసిన వరసా? 'జెమ్ ఆఫ్ ది ఓషన్' తెరిస్తే ఆంట్ ఎస్తర్ అనే ఆవిడకి 285 ఏళ్లట. మరీ ఇంతా?

పుస్తకాలపురుగు
మీరే లెక్కల మనిషి. ఆ కథ 1904లో. 285 తీసేయండి.

లాజిక్ లింగం
1619.

పుస్తకాలపురుగు
వర్జీనియా తీరంలో మొదటి ఆఫ్రికన్ బందీల్ని దింపిన ఏడాది. చదవడానికి వరసేమీ లేదు, ఆయన కూడా వరసగా రాయలేదు. దొంగ టాక్సీల కథ 'జిట్నీ' 1979లోనే రాశాడు. అది పదింటిలో అందరికంటే చివర్న, 2017లో బ్రాడ్‌వే చేరింది. మామూలు టాక్సీలు హిల్‌కి రావు కాబట్టి అక్కడివాళ్లే సొంత కార్లు తిప్పుకుంటారు. దాంతో మొదలెట్టండి, తేలిగ్గా సాగుతుంది.

వింగ్ పక్కన
నేను 'ఫెన్సెస్' అంటాను.

స్టీల్‌సిటీ కోడలు
'పియానో లెసన్'. రెండో వరుస గారు మళ్లీ చదవాలి, శిక్షగా.

హార్మోనియం తాత
మీ అందరి మాటా విని మనవరాలి చేత లైబ్రరీ నుంచి 'టూ ట్రైన్స్' తెప్పించాను. హోటల్లో అందరూ కూర్చుని లాటరీ నంబర్లు రాసుకుంటున్నారు. హ్యాంబోన్ ఇప్పుడే లోపలికొచ్చాడు. మధ్యలో మీ పోస్టులు పొడుగువి దాటేసుకుంటూ వచ్చాను, కళ్లు లాగుతున్నాయి. వాడికి హామ్ దొరుకుతుందో లేదో మాత్రం ఎవరూ చెప్పకండి.

పుస్తకాలపురుగు
తాతగారూ, ఆ దాటేసినవి దాటేసినట్టే ఉంచండి. ముఖ్యంగా నావి.